వ్యానులో కుంపటి

ఒక డిసెంబరు రాత్రి ఉదయగిరి నుండి తిరిగి వస్తూ సోమశిల జలాశయము దగ్గర వ్యాను నిలిపి, అందులోనే పడుకున్నాము. పెన్న గాలికి పిల్లలు వణుకుచుండగా, వంట చేసిన బొగ్గుల కుంపటిని లోపల పెట్టి అద్దములన్నీ బిగించాము. అరగంటకు చిన్నది తలనొప్పి, కడుపులో తిప్పుతోంది అన్నది. వెంటనే తలుపులు తీసి అందరినీ దింపాము. పొగ లేని నిప్పు కదా అనుకున్నాము! కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్నవారికి అసలే తెలియదు.

వెచ్చదనమునకు గ్యాస్ పొయ్యి కూడా లోపల వెలిగించకండి. వంటప్పుడు మంట నీలముగా ఉండవలెను. పసుపుగా వచ్చి గిన్నెలకు మసి పట్టితే బర్నరు రంధ్రములు శుభ్రము చేయించండి. గొట్టము అతుకులకు సబ్బు నురుగు రాయండి, కారుచున్నచోట బుడగలు లేచును. అగ్గిపుల్లతో మాత్రము చూడవద్దు.

ఇప్పుడు మా వ్యానులో నాలుగు కంబళ్ళు ఉన్నవి.