బాలింత కంచంలో అన్నం

మా ఆడపడుచు కూతురికి పురుడు వచ్చి రెండున్నర నెలలైంది. మొన్న ఫోన్ చేసి, "అత్తయ్యా, అన్నం పూర్తిగా మానేశాను. రాత్రికి రెండు గుడ్లు, కీరా ముక్కలు, అంతే" అంది గొప్పగా. కారణం అడిగితే కాసేపు మాట్లాడలేదు. బారసాలకి వచ్చిన ఒకావిడ, "లోపల ఇంకొకడు ఉండిపోయాడా ఏమిటే?" అందిట.

నాకు ఒళ్ళు మండింది. మా ఆయన పొట్ట గురించి ఇన్నేళ్ళలో ఏ బారసాలలోనూ ఎవరూ అడగలేదు మరి!

ఈ పని నేనూ చేశాను. పెద్దాడు పుట్టిన మూడో నెలలో అన్నం, ఇడ్లీ అన్నీ బంద్. పది రోజులు తిరక్కుండానే ఓ మధ్యాహ్నం చంకలో పిల్లాడితో కళ్ళు తిరిగి, వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. వాణ్ణి పడేసి ఉంటే? ఇప్పటికీ తలుచుకుంటే కాళ్ళలో వణుకు. రాత్రి పదకొండింటికి ఆకలాగక బిస్కెట్ ప్యాకెట్ మొత్తం తినేసేదాన్ని, అది వేరే సంగతి.

డాక్టరమ్మ అప్పుడు చెప్పింది. పాలలో ఉండే తీపి లాక్టోజ్. మనం తిన్నా తినకపోయినా ఒళ్ళు దాన్ని ఎలాగోలా తయారుచేసి బిడ్డకి పంపుతూనే ఉంటుంది, నీరసపడేది తల్లే. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కేలరీలు, తర్వాతి ఆరు నెలలు 520 అదనంగా కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పిండిపదార్థాలు బొత్తిగా మానేసిన బాలింతలు రక్తంలో ఆమ్లాలు పెరిగి ఆస్పత్రి పాలైన సందర్భాలు కూడా ఉన్నాయి, అరుదే అయినా.

అలాగని మా అమ్మ పెట్టిన పథ్యాన్నీ వెనకేసుకు రాను. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, గరిటెడు నెయ్యి. పప్పు పెడితే బిడ్డకి వాతం, ఆకుకూర పెడితే విరేచనాలు అని ఏదీ దగ్గరికి రానివ్వలేదు. కంచం నిండా అన్నమే ఉంటే ఒళ్ళు రాక ఏం చేస్తుంది? నన్నడిగితే తప్పు అన్నానిది కాదు, దాని పక్కన ఏమీ లేకపోవడానిది.

అందుకే రెండోసారి అమ్మతో పోట్లాడాను. మధ్యాహ్నం కప్పున్నర అన్నం, దానికి సమానంగా పప్పూ కూరా. పొద్దున్న పెసరట్టు, సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రి జొన్నరొట్టె. మూడో నెల నుంచి మేడ మీద అరగంట నడక. సున్నుండలు రోజుకి ఒకటే (అబద్ధమెందుకు, కొన్నిసార్లు రెండు). నెలకి కిలో చొప్పున తగ్గాను, కొన్ని నెలలు అదీ లేదు. పాత జాకెట్లు పట్టడానికి ఏడాదిన్నర పట్టింది. తొమ్మిది నెలలు పెరిగిన ఒళ్ళు తొంభై రోజుల్లో పోవాలని ఎవరు రాసిపెట్టారో నాకైతే అర్థం కాదు. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు డాక్టరు చెప్పినట్టే తినాలి.

ఇదంతా ఆ పిల్లకి చెప్పాను. ఆ బారసాల ఆవిడ మళ్ళీ వస్తే ఫోన్ నాకివ్వమనీ చెప్పాను. నిన్న మధ్యాహ్నం కంచం ఫొటో పంపింది. అన్నం, తోటకూర పప్పు, బీరకాయ కూర. నెయ్యి కనపడలేదేమే అని అడిగాను.