క్రొత్తగా వ్యాయామము ప్రారంభించువారికి సాధనము లేవి?

ఆరోగ్యమే మహాభాగ్యమని చెప్పని ఇల్లు లేదు. ఆ భాగ్యమును సంపాదించుటకు ఏ వస్తువు కొనవలెనను ప్రశ్న మాత్రము ఇటీవల తఱచుగా వినబడుచున్నది. మన పట్టణములలో వీధి వీధికి జిమ్ములు వెలయుచున్నవి. సెలవులు రాగానే తమ్ము నచ్చట చేర్పింపుమని విద్యార్థులు తల్లిదండ్రులను కోరుచున్నారు. కొందరు ఇంటికే ట్రెడ్‌మిల్లు తెప్పించుచున్నారు. మూడు మాసములు గడచునప్పటికి ఆ యంత్రముపై తడిబట్టలు ఆరుచుండుట మనలో పలువు రెఱిగినదే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఇచ్చట చక్కగా అన్వయించును. అలవాటు పుట్టకమునుపే దాని సామగ్రి యంతయు ఇల్లు చేరుచున్నది.

ఈ విషయమున నా అభిప్రాయమును స్పష్టముగా చెప్పెదను. ప్రారంభకునికి మొదటి పన్నెండు వారములు కావలసినవి నాలుగే: ఒక చాప, ఒక దాటుడు తాడు, చేయి చాచిన అందునంత ఎత్తున గట్టి ఇనుపకమ్మి, తప్పు చూచి దిద్దగల ఉపాధ్యాయుడు. తక్కిన వస్తువులకు తరువాత సమయము గలదు.

మన పెద్దలు అనుసరించిన మార్గమును ఇదియే. గ్రామములలోని తాలింఖానాలలో మెత్తని మట్టినేల, దండీలు, బస్కీలు ముందు. లోడీలు, సంగడములు తరువాత. ఉత్తరాంధ్రమునందలి వీరఘట్టమున జన్మించి, మల్లవిద్యలో అఖండకీర్తి నార్జించి, 1942లో పరమపదించిన కోడి రామమూర్తి నాయుడుగారు విజయనగరపు వ్యాయామశాలలో దేహమును సాధనచేసినవారే. వారి కాలమున ట్రెడ్‌మిల్లు మన యిండ్లకు రాలేదు.

వస్తువులు కొన్నగాని బలము రాదను భ్రమయు క్రొత్తది కాదు. 1904–05 సంవత్సరములలో మన దేశమున సంచరించి ప్రదర్శనము లిచ్చిన యూజెన్ శాండో రంగస్థలముపై మహాభారములను ఎత్తెడివాడు. జనులకు అమ్మినవి మాత్రము స్ప్రింగులు గల తేలికపాటి డంబెల్లు. చూచినవారు ఆతని కండలను మెచ్చి డంబెల్లు కొనిరి. నేటి ప్రకటనలును ఈ త్రోవనే నడచుచున్నవి.

బలము ఎట్లు వృద్ధియగునో తెలిసికొన్నచో ఈ భ్రమ తొలగును. శరీరము తనకు అలవాటైన దానికంటె కొంచెము ఎక్కువ పనిని పదేపదే ఎదుర్కొని, తరువాత విశ్రాంతి పొందినప్పుడు బలపడును. 1945లో థామస్ డెలార్మ్ అను అమెరికా సైనికవైద్యుడు గాయపడిన సైనికులకు భారమును క్రమక్రమముగా పెంచుచు వ్యాయామము చేయించి, ఆ పద్ధతిని వైద్యపత్రికలో ప్రకటించెను. నేటి శిక్షణకును ఈ సూత్రమే ఆధారము. మొదటి కొన్ని వారములలో పెరుగు బలము ముఖ్యముగా నరములు కండరములను సరిగా పనిచేయించుట నేర్చుకొనుటవలన వచ్చునది; కండ పెరుగుట తరువాతి మాట. అందుచేత నెల గడచినను అద్దములో మార్పు కానరాదు. ఇది తెలియక అనేకులు నిరాశచెంది మానివేయుదురు, లేదా ఆడలేక మద్దెల ఓడన్నట్లు వస్తువును నిందించి వేఱొకటి కొందురు.

ఇక ఏమి చేయవలెను? వారమునకు మూడు దినములు, మధ్య ఒక్కొక దినము విడిచి, అరగంట చాలును. మొదట ఐదు పది నిమిషములు వడిగా నడచియో తాడు దాటియో ఒడలు వేడెక్కించుకొనవలెను. పిమ్మట ఐదు పనులు. కుర్చీపై కూర్చుండి లేచుట. అది సులువైన పిదప బస్కీలు. గోడపై చేతులానించి తోయుట, తరువాత బల్లపై, ఆ తరువాత నేలపై దండీలు. కమ్మిని పట్టి పది లెక్కించువరకు వ్రేలాడుట, క్రమముగా ఒడలిని పైకి లాగుకొనుట. వెన్ను వంచక తుంటివద్ద వంగి నేలమీది భారము నెత్తుట. రెండు చేతుల సమానముగా నీళ్ల బకెట్లు పట్టి నడచుట. మొదటి రెండును, భారము నెత్తుటయు ఎనిమిది మొదలు పన్నెండు సార్లు, రెండేసి పర్యాయములు చేసిన చాలును. ఇంకను రెండు సార్లు చేయగల ఓపిక యున్నప్పుడే ఆపవలెను. పన్నెండు సులువైననాడు పని కొంచెము కఠినము చేయవలెను. మరునాడు కండరములు నొచ్చుట సహజము. కీలులో చురుక్కుమను నొప్పి పుట్టినచో వెంటనే ఆపవలెను.

పన్నెండు వారములు ఇట్లు నడచినపిదప ఒక జత డంబెల్లు కొనవచ్చును. బిళ్లలు చేర్చి తీయుటకు వీలైనవి మేలు, భారము పెరిగినప్పుడెల్ల క్రొత్తజత కొన నక్కరలేదు. యంత్రములన్నియు వ్యర్థములని నే ననను. వృద్ధులకును, గాయపడి కోలుకొనువారికిని అవి ఉపకరించును. కాని యంత్రము కదలికను ఒకే దారిలో నిలుపును. దేహమును తూకముగా నిలుపుకొను నేర్పు బాలునికి దానివలన అంతగా అలవడదు.

బరువులెత్తిన పిల్లలు పొట్టివారగుదురను భయము అనేక గృహములలో నున్నది. శిక్షకుని పర్యవేక్షణలో, తగిన భారముతో, సరియైన పద్ధతిలో చేసినచో ఎదుగుదలకు హాని లేదని నేటి శిశువైద్యులు చెప్పుచున్నారు. హాని కలుగునది తోటివారిముందు గొప్పకై తలకు మించిన భారము నెత్తుటవలన. బాలికలకు ఇది తగదనువారికి ఒక్కమాట. 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము నందిన ప్రథమ భారతమహిళయైన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళము సీమ ఆడపడుచే. మన పాఠశాలలో బాలురు మైదానమున నుండ బాలికలు వరండాలో నిలిచి చూచుచుండుట నాకు సమ్మతము కాదు.

జిమ్ములలో అమ్ము పొడుల విషయమునను జాగ్రత్త యుండవలెను. పప్పు, గ్రుడ్లు, పాలు, పెరుగు, వేరుసెనగలు చాలినంత తిను బాలునికి ఆ పొడి అక్కరలేదు. కండలు త్వరగా పెరుగునని చెప్పి ఎవరైన సూదిమందు చూపినచో అచ్చట మరి నిలువరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో 5 మొదలు 17 సంవత్సరముల వయస్సువారు దినమునకు సగటున 60 నిమిషములు శరీరశ్రమ చేయవలెననియు, అందు వారమునకు కనీసము 3 దినములు కండరములను, ఎముకలను బలపరచు పనులుండవలెననియు చెప్పబడినది. ఈ గంటను మన పాఠశాల ఇచ్చుచున్నదా? పరీక్షలు సమీపించగానే వ్యాయామపు గంటను గణితమునకో విజ్ఞానశాస్త్రమునకో అర్పించుట మనకు పరిపాటి. గణితము బోధించు మాకు అది లాభముగా తోచవచ్చును, బాలునికి నష్టమే. ఒక ట్రెడ్‌మిల్లు వెలతో ఒక తరగతి కంతటికి తాళ్లును చాపలును సమకూర్పవచ్చును. ఆ గంటను ఎవరును తీసికొనరాదనియు, ఉదయము 6 గంటలకు మైదానపు తలుపు బాలికలకును తెఱవవలెననియు నిర్వాహకులకు విన్నవించుచున్నాను.

విద్యార్థులారా! ఒక చిన్న పుస్తకము తీసికొని, వ్యాయామము చేసిన ప్రతిదినము తేదీయు, ఎన్నిసార్లు చేసితిరో ఆ సంఖ్యయు వ్రాయుడు. పన్నెండు వారములకు ముప్పదియారు దినములు. ఆ ముప్పదియారును నిండినపిదప పుస్తకమును మీ తల్లిదండ్రులకు చూపి, డంబెల్ల నడుగుడు. తల్లిదండ్రులారా! ఆ పుస్తకమును చూచినపిదపనే డబ్బు సంచి విప్పుడు.