ఆకాశం నుంచి గాలి లెక్క

కార్బన్ డయాక్సైడును ఉపగ్రహాలు ఎలా కొలుస్తాయన్నదే ఈ సంచిక ముఖచిత్ర కథనం.

705 కిలోమీటర్ల ఎత్తున తిరిగే నాసా ఉపగ్రహం ఓసీఓ-2కు ఈ వాయువు నేరుగా కనిపించదు. నేలను తాకి వెనక్కి మళ్లే ఎండనే అది పరీక్షిస్తుంది. పరారుణ కాంతిలో కొన్ని తరంగదైర్ఘ్యాల వద్ద వెలుతురు ఎంత తగ్గిందో చూసి, దారిలో కార్బన్ డయాక్సైడు ఎంత మింగిందో లెక్కగడుతుంది. ఆక్సిజన్ మింగిన వెలుతురునూ కొలుస్తుంది. గాలిలో దాని పాలు దాదాపు మారదు కాబట్టి ఈ తూకానికి అదే పడికట్టు రాయి.

పది లక్షల గాలి అణువుల్లో ఈ వాయువువి నాలుగు వందల పైచిలుకే. అందులో ఒకటి రెండు అటూ ఇటూ అయినా పట్టుకోగలగాలి. అసలు కష్టం అక్కడే.

ఈ పనికే 2009 జనవరిలో జపాన్ ‘ఇబుకి’ ఉపగ్రహాన్ని పంపింది. మరుసటి నెల నాసా ప్రయోగించిన మొదటి ఓసీఓ రాకెట్ పైతొడుగు విడిపోక అంటార్కిటికా దగ్గర సముద్రం పాలైంది. 2014 జులైలో గానీ దాని వారసుడు ఓసీఓ-2 కక్ష్యకు చేరలేదు.

మబ్బు పడితే ఈ చూపు ఆగిపోతుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో మన నేల మీద కొలతలు పలచబడేది అందుకే. కాబట్టి 1958 నుంచి హవాయిలోని మౌనా లోవాలో సాగుతున్న తరహా నేలమీది కొలతల అవసరం తీరిపోలేదు.

కొలిచినంత మాత్రాన పొగ తగ్గదు. అయితే దేశాలు చెప్పుకునే లెక్కలను సరిచూడటానికి మరో ఆధారం దొరుకుతుంది. చదివి, మీ అభిప్రాయం రాయండి.

— సంపాదకుడు