మెరుగులో తరుగు

బంగారపు నగ చేయించుకొనువారికి తరుగు అను మాట క్రొత్త కాదు. అంగడివాడు వ్రాసియిచ్చు చీటిలో బంగారమునకు ఇంత, మజూరీకి ఇంత, తరుగుకు ఇంత అని వేరువేరుగా చూపును. తరుగు ఎక్కువ వేసినాడని కొనువాడు వాదులాడును. పక్క అంగడికి పోయి విచారించును. ఆకురాయి తగిలినచోట, మెరుగు పెట్టినచోట లోహము కొంత రాలక తప్పదని మన ఇండ్లలో అక్షరము ముక్క రాని ముదుసలికి కూడ తెలియును. ఇంత తెలిసిన జాతి, లక్షలు పోసి కొన్న కారుకు పాలిషు పెట్టించునప్పుడు మాత్రము తరుగెంత అని అడుగదు. అడుగవలసియున్నదని చెప్పుటకే ఈ వ్యాసము.

నేడు మన పట్టణములలో కారుకు మెరుగు పెట్టుట, కారుకు రక్షణపూత పూయుట అను రెండు పనులును ఒకే ధరపట్టికలో, ఒకే పేరున అమ్ముడగుచున్నవి. ఇవి రెండును ఒకటి కావు సరిగదా, ఒకదానికొకటి ఎదురు. మొదటిది తీసివేత, రెండవది కూడిక. కర్మాగారమునుండి వెలువడు నేటి కారు రేకుపై సామాన్యముగా నాలుగు పొరలుండును. తుప్పునుండి కాపాడుటకై విద్యుత్ప్రవాహముతో అంటించునది మొదటిది, నునుపుకొరకు ప్రైమరు రెండవది, రంగు మూడవది, అన్నిటికి పైన రంగులేని వార్నీషు నాలుగవది. ఈ పైపొరను షెడ్డులవారు క్లియర్ కోటు అందురు. నాలుగును కలిసి సుమారు 100 నుండి 150 మైక్రానుల మందము. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. క్లియర్ కోటు ఒక్కటియే 35 నుండి 50 మైక్రానులు. మనిషి తలవెండ్రుక దాదాపు 70. అనగా లక్షల విలువగల సొగసంతయు వెండ్రుకకంటె పలుచని పొరలో నున్నది. ఎండలోని అతినీలలోహిత కిరణములను మ్రింగి క్రింది రంగును కాపాడు రసాయనములును ఆ పొరలోనే యున్నవి.

పాలిషు మందు అనగా మిక్కిలి సన్నని గరుకుపొడి కలిపిన ముద్ద. గీతను పూడ్చుట దానికి చేతకాదు. గీతకు ఇరువైపులనున్న గట్టును అరగదీసి గీత అడుగుతో సమము చేయుటయే అది చేయు పని. వీధిలో గుంట పడినదని గుంటను పూడ్చక, వీధి నంతటిని గుంట లోతుకు త్రవ్వినట్లు! ఒక్కమారు గట్టిగా రుద్దినచో రెండు మూడు మైక్రానులు, గరుకుమందుతో యంత్రము పెట్టి రుద్దినచో అంతకు మించియు పోవును. అంతియేకదా అనవచ్చును. ఏటికి రెండుమార్లు చొప్పున పదియేండ్లకు ఎంతయగునో పాఠకులే లెక్క కట్టుకొందురుగాక. ఒకనాటికి కప్పుమీదను, బానెట్టుమీదను తెల్లని పొలుసులు లేచును. ఎండయు పాలిషును కలిసి తెచ్చిన ఆ జబ్బు పాలిషుతో పోవునది కాదు. మరల రంగు వేయించుటయే శరణ్యము.

వెనుకటి కార్లలో ఈ తరుగు దాగియుండెడిది కాదు. పాత అంబాసిడరులకును, ఫియట్లకును పైన వేరే వార్నీషు లేదు; రంగే పైపొర. నల్లకారును రుద్దినచో గుడ్డ నల్లబడెడిది, ఎఱ్ఱకారును రుద్దినచో ఎఱ్ఱబడెడిది. ఆ గుడ్డను చూచి యజమాని గుండె కొంచెము జంకెడిది. చాలించుమని డ్రైవరుతో చెప్పెడివాడు. నేడు పోవునది రంగులేని పొర గనుక గుడ్డపై ఏ జాడయు కనబడదు. కనబడని నష్టమును నష్టమనుకొనకపోవుట మానవ స్వభావము. కారు పాలిషు వ్యాపారమంతయు ఈ ఒక్క స్వభావముపై నిలిచియున్నదని నా అభిప్రాయము.

ఈ రుద్దుడు అలవాటునకు చరిత్ర లేకపోలేదు. తొలినాటి కార్లకు గుఱ్ఱపుబండ్లకు వలెనే కుంచెతో వార్నీషు పూసి, ఆరుటకు వారములతరబడి వేచియుండెడివారు. హెన్రీ ఫోర్డు తన మాడల్ టి కారును 1914 మొదలు 1925 వరకు నలుపు తప్ప వేరు రంగున చేయలేదు. 1920వ దశకమున అమెరికాలో డ్యూపాంట్ కంపెనీవారు డ్యూకో అను పేర నైట్రోసెల్యులోజు లక్కను విపణిలోనికి తెచ్చిరి. అది గంటలలో ఆరెను. కావలసిన రంగులలో దొరికెను. కాని ఆరిన తరువాత దానంతట అది మెరయదు. గరుకుమందుతో రుద్దినగాని నిగనిగ రాదు. అందుచే ఆనాడు రుద్దుట రంగు వేయుటలో ఒక భాగము. ఆ పేరు మన షెడ్డులలో సామాన్యనామమై నిలిచినది. నిర్మల్ చిత్రకారులు కొయ్యపలకలపై వేయు చిత్రములకు వాడుచున్నదియు డ్యూకో రంగులే. కార్ల కర్మాగారములనుండి ఆ లక్క ఏనాడో పోయినది. రుద్దవలెనన్న పట్టుదల మాత్రము మనకు మిగిలినది.

ప్రసంగవశమున ఒక మాట. తరుగు లేని మెరుగు లోకములో లేకపోలేదు. ఏటికొప్పాకలో అంకుడుకొయ్య బొమ్మను తరిమెనపై త్రిప్పుచు లక్కకడ్డీని దానికి ఆనింతురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు అంటుకొనును. పిమ్మట మొగలిరేకుతో అదిమినచో లక్క సర్దుకొని అద్దమువలె మెరయును. అక్కడ రాలునది ఏమియు లేదు, పూతయే మెరుగు. కారుపై అట్టి పని సాధ్యము కాదు గాని, రెంటికి గల భేదము తెలిసికొనుటకు ఆ కళాకారుల పనితనము చూడదగినది.

ఇంతకును, ఏ గీతలను పోగొట్టుటకు ఇంత రుద్దుచున్నామో ఆ గీతలు ఎచటివి? ఎండలో కారును ఏటవాలుగా చూచినచో సాలెగూడువలె కనబడు సన్నని గీతలు రోడ్డు ప్రమాదములలో కలిగినవి కావు. తుడుచుటవలన కలిగినవి. మన వీధి ధూళిలో ఇసుక పాలు మెండు; ఇసుకలో క్వార్ట్జు పాలు మెండు; క్వార్ట్జు వార్నీషుకంటె ఎన్నోరెట్లు గట్టిది. ధూళిపై పొడిగుడ్డ వేసి లాగుట అనగా గరుకుకాగితముతో తోముటయే. అపార్టుమెంటులలో తెల్లవారుజామున జరుగు తంతు అందరు ఎరిగినదే. ఒక బకెట్టు నీళ్లు, ఒక పాతగుడ్డ, పది కార్లు. మొదటి కారు మట్టి పదవ కారునకు పంచియీయబడును. యజమాని మేడమీద కాఫీ త్రాగుచుండగా కారునకు దినదిన గండముగా ఈ సేవ సాగుచుండును. ఇందుకు వాచ్‌మనును నిందించుట అన్యాయము. అతనికి రెండవ బకెట్టు ఇచ్చినవారు లేరు, రెండవ గుడ్డ ఇచ్చినవారు లేరు; నెలకు కొన్ని వందలు చేతిలో పెట్టి రోజును కారు తళతళలాడవలెనని శాసించినవారే అందరును.

ఇక రక్షణపూతల మాట. సెరామిక్ కోటింగు అని నేడు పేరుమోసినది సిలికాను సమ్మేళనముల ద్రవము. పూసినపిమ్మట గాలిలోని తేమతో కలిసి గట్టిపడి వార్నీషుకు పట్టుకొనును. దాని మందము ఇంచుమించు ఒకటి రెండు మైక్రానులు. నీరు ముత్యములవలె జారిపోవును; మురికి అంటదు; కడుగుట సులువగును; పక్షిరెట్టల కాటుకు కొంతసేపు ఓర్చుకొనును. ఇవి నిజమైన గుణములు. కాని దానిని అమ్మువారు చెప్పునది ఇంతటితో ఆగదు. ‘9హెచ్ గట్టిదనము’ అని బోర్డులపై వ్రాయుదురు. సామాన్యుడు దానిని చదివి, చిన్నప్పుడు బడిలో విన్న మోస్ కొలబద్దను తలచుకొనును. ఆ కొలబద్దలో వజ్రము పదియవది, తొమ్మిది అనగా వజ్రము పక్కదేకదా అని మురిసిపోవును. జర్మను ఖనిజ శాస్త్రజ్ఞుడైన మోస్‌కును ఈ తొమ్మిదికిని ఏ చుట్టరికమును లేదు. ఇది పెన్సిలు పరీక్ష. మెత్తని పెన్సిలు మొదలుకొని మిక్కిలి గట్టిదైన 9హెచ్ పెన్సిలు వరకు ఒకదాని వెంట నొకటి పూతపై నొక్కి గీయుదురు. 9హెచ్ పెన్సిలు గీత పెట్టలేకపోయినది అని మాత్రమే ఆ మాటకు అర్థము. పెన్సిలు గీయలేనిదానిని ఇసుకరేణువు గీయలేదని ఎచ్చట నున్నది? పిల్లవాడు పెన్సిలుతో కారుపై వ్రాయునేమోనని భయపడువారికి ఆ పూత మేలు చేయవచ్చును!

దీనికి ముందు తరమున ‘టెఫ్లాన్ కోటింగు’ అని ఒకటి రాజ్యమేలినది. నేటికిని అచ్చటచ్చట అమ్ముచున్నారు. టెఫ్లాన్ 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని కరగదు. వంటపెనమునకు దానిని పట్టించుట అంతకుమించిన వేడిలో జరుగును. అంత వేడి తగిలినచో కారు రంగు బొగ్గగును. మరి గుడ్డతో పూసి గంటలో అప్పగించు షెడ్డులో అది రేకునకు ఎట్లు పట్టినది? ఈ ప్రశ్న అడిగినవానిని ‘తమకు తెలియదు సార్’ అని చిరునవ్వుతో పంపివేయుదురు. రాళ్లదెబ్బకు నిజముగా అడ్డునిలువగలది పారదర్శకమైన పాలియూరిథేను పొర ఒక్కటియే. అది 150 నుండి 200 మైక్రానుల మందము గలది. అనగా కారు రంగంతటికంటె మందము. దాని వెలయు అట్లే యుండును.

క్రొత్త కారు అప్పగించునాడు, పూలదండ వేసి తాళపుచెవి చేతికిచ్చు ఆ శుభముహూర్తమున, ఈ పూతలను అంటగట్టుట ఒక రివాజైనది. అప్పుతో కారు కొన్న మధ్యతరగతి మనిషి, అప్పులోనే మరి కొన్ని పదులవేలు కలుపుకొని ఈ పూతకు సంతకము పెట్టును. పూతకు ముందు పాలిషు తప్పనిసరి అందురు. ఏలయన పూత క్రింద నున్న గీతలు అట్లే నిలిచిపోవును. ఆ విధముగా ఒకటి రెండు మైక్రానుల కూడికకొరకు రెండు మూడు మైక్రానుల తీసివేత జరుగును. క్రొత్త కారునకు నిన్న పడిన గీతలెచ్చటివో, వాటిని పెట్టిన గుడ్డ ఎవరిదో విచారించువారు లేరు.

ఇందుచేత ఈ పని ఇంటివద్ద, స్వహస్తములతో చేసికొనుట మేలని నా వాదము. డబ్బు మిగులుననుట చిన్న కారణము. చేయి తగిలినగాని కారునకు ఏమి కావలెనో, ఏమి అక్కరలేదో తెలియదనుట పెద్ద కారణము. నీడలో, రేకు చల్లబడిన తరువాత, ముందుగా ఉత్త నీటితో ధూళిని జారవిడువవలెను. రెండు బకెట్లు కావలెను. ఒకదానిలో షాంపూనీరు, రెండవదానిలో గుడ్డ జాడించుటకు మంచినీరు. పైనుండి క్రిందికి రావలెను, చక్రములు కడకు. నేలపై పడిన గుడ్డను మరల కారుపై పెట్టరాదు. బోరునీరు మన ప్రాంతములలో చాలచోట్ల ఉప్పునీరు గనుక ఎండకు ఆరనీయక ఒత్తి తుడువవలెను. లేనిచో సున్నపుచుక్కలు మిగులును. ఆ పిమ్మట చేయి రాచి చూచినచో గరుకుగా తోచినచోట మాత్రమే మెత్తని బంకమట్టి కడ్డీతో తీయవలెను. గీత కంటికి కంటగింపైనచోట, మిక్కిలి మెత్తని మందుతో, చేతితో, జానెడు మేర రుద్ది చూడవలెను. అంచులును, మడతలును ఉన్నచోట పొర మరింత పలుచన. అచ్చట యంత్రము తగులరాదు. చివరకు మైనము. బ్రెజిలు ఈశాన్యభాగమున పెరుగు కార్నౌబా తాటియాకులనుండి తీసిన మైనము చాలకాలముగా వాడుకలో నున్నది. మన ఎండలకు అది కొన్ని వారములకంటె నిలువదు. నిలువకుండుటయే దాని సుగుణమని నేనందును: తప్పు పూసినను కడిగివేయవచ్చును. సెరామిక్ పూత ఇంటివద్ద పూయుట అసాధ్యము కాదు గాని, తుడుచుట కొంచెము ఆలస్యమైనచో మచ్చలు గట్టిపడి నిలిచిపోవును. వాటిని తీయుటకు మరల పాలిషు, మరల తరుగు!

పక్షిరెట్ట పడినచో ఆదివారము వరకు ఆగరాదు. ఎండకు వార్నీషు మెత్తబడి, రాత్రికి బిగిసికొనునప్పుడు ఆ రెట్ట అచ్చు దానిలో నిలిచిపోవును. తడిగుడ్డ కొన్ని నిమిషములు పరచి నానబెట్టి తీయవలెను. దసరాకు బానెట్టుపై పెట్టిన కుంకుమ బొట్లకును ఇదియే విధి. పొడిగుడ్డతో రుద్దుట అమ్మవారికిని ప్రీతి కాదు.

ఒక్క పని మాత్రము ఇంటివద్ద చేయరాదు. గట్టిపరచు ద్రవము కలుపు రెండుభాగముల వార్నీషు స్ప్రే డబ్బాలు ఇప్పుడు సులభముగా దొరకుచున్నవి. వాటిలో ఐసోసైనేటులు ఉండును. అవి ఊపిరితిత్తులకు చేరినచో ఉబ్బసము పుట్టించును. ఒకమారు ఒంటికి పడకపోయినచో ఆ పైన లేశమాత్రము సోకినను ఉపద్రవమే. ముక్కునకు కట్టుకొను చేతిరుమాలు వాటిని ఆపదు. షెడ్డులలో అదే పనిచేయు కుఱ్ఱవాండ్రు ఆ చేతిరుమాలుతోనే బ్రదుకుచున్నారు. కారు మెరుగునకు బిల్లు వ్రాయుచోట ఆ తరుగు ఎవరి లెక్కలోనికిని ఎక్కుటలేదు.

నీటిమాట చెప్పకుండ ఈ ప్రసంగము ముగింపరాదు. 2024 మార్చిలో బెంగుళూరు జలమండలివారు త్రాగునీటితో వాహనములు కడుగుటను నిషేధించి, 5,000 రూపాయల జరిమానా విధించిరి. మన నగరములలో వేసవి ట్యాంకర్ల వెంట బిందెలతో పరుగెత్తు వీధులకును, గొట్టముతో కార్లు కడుగు వీధులకును నడుమ దూరము ఎంతో లేదు. రెండు బకెట్ల పద్ధతికి రెండు బకెట్లే చాలును. గొట్టమునకు లెక్క లేదు. వారమునకొకసారి చాలును, ప్రతిదినము అక్కరలేదు. ధూళి కారుపై ఊరక కూర్చున్నంతవరకు ఏ హానియు చేయదు. దానిని కదపువాడే గీత పెట్టువాడు.

అపార్టుమెంటు సంఘములవారు లిఫ్టు గురించియు, జనరేటరు గురించియు గంటలతరబడి తీర్మానములు చేయుచుందురు. వాచ్‌మనునకు ఇంటికొక మైక్రోఫైబరు గుడ్డ చొప్పునను, రెండవ బకెట్టును కొనియిచ్చి, రోజువారీ తుడుపు మాన్పించి వారమునకొక కడుగు చాలునని చెప్పి, అతని నెలజీతములో పైసా తగ్గింపకుండ ఒక తీర్మానము చేయుటకు అరగంట పట్టదు. అందుకగు ఖర్చు ఒక్క కారు సెరామిక్ పూత ఖర్చులో ఎన్నోవవంతో, ధరపట్టిక చేతనుంచుకొని వారే చూచుకొందురుగాక.