చేయి పట్టకుండా దిద్దించేదెలా?

పలక మీద అక్షరాలు నేర్పేటప్పుడు పిల్లాడి చేతిలో బలపం పెట్టి, ఆ చేతిని పట్టుకుని దిద్దిస్తారు పెద్దవాళ్లు. బొమ్మలు నేర్పడమూ అంతే. గీత వంకరపోతోందంటే మాస్టారు వెనక నుంచి వంగి, పెన్సిలు పట్టిన చేతిని కాస్త పక్కకు జరుపుతారు. మరి ఆ చేయి అందనంత దూరంలో ఉంటే?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఊరూరా డ్రాయింగ్ క్లాసులు నడిపేవాళ్లకు ఎదురైన ప్రశ్న ఇదే. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ ప్రాంతంలో పసుపు పంట చేతికొచ్చే కాలమది. ఆ వెనకే బడులకు వేసవి సెలవులు. బ్యాచ్‌లు నిండాల్సిన రోజుల్లోనే తలుపులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో వచ్చాయి. ఇంట్లో నాలుగు బ్యాచ్‌లు నడుపుకొనే బొమ్మల మాస్టారు మాత్రం తన దారి తానే వెతుక్కోవాల్సి వచ్చింది.

వీడియో కాల్ ఆర్మూర్ ఇళ్లకు కొత్తేం కాదు. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లను ఏళ్ల తరబడి ఫోన్లోనే చూసుకున్న కుటుంబాలు చుట్టుపక్కల ఎన్నో! అయితే ఫోన్ నిలబెట్టి బొమ్మ గీసి చూపిస్తే అది క్లాసు అయిపోతుందా? గీసి చూపించేవాళ్లకు కొదవలేదు. అమెరికాలో బాబ్ రాస్ 1983 నుంచి 1994 దాకా టీవీలో అరగంటకో చిత్రం వేసి చూపించాడు. ఆ కార్యక్రమాలు యూట్యూబ్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. కానీ ఆయన్ను చూసి గీసేవాళ్ల కాగితం మీద ఏముందో ఆయనకు కనిపించే వీల్లేదు.

అంతకన్నా పాత పద్ధతే ఇక్కడ పనికొస్తుంది. 1948లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఆల్బర్ట్ డోర్న్, నార్మన్ రాక్‌వెల్ తదితర చిత్రకారులు కలిసి ఫేమస్ ఆర్టిస్ట్స్ స్కూల్ పెట్టారు. పాఠాలన్నీ పోస్టులోనే! విద్యార్థి బొమ్మ గీసి పంపితే, మాస్టారు దానిమీద పల్చటి కాగితం పరిచి, సరైన గీతలు గీసి, ఉత్తరం జతచేసి తిప్పి పంపేవారు. విద్యార్థులు ఫీజు కట్టింది ఆ దిద్దుబాటు కోసమే.

ఆ పల్చటి కాగితం ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ ఉంది. పిల్లలు పంపిన బొమ్మ ఫొటో మీద వాట్సాప్‌లోనే ఎర్రగీతతో దిద్ది వెనక్కి పంపొచ్చు. జూమ్‌లో ఉచిత క్లాసు 40 నిమిషాలకే ఆగిపోతుంది. పావుగంట గీసి చూపించి, మిగతా సమయం పిల్లలు గీస్తుంటే చూస్తే అదే సరిపోతుంది. అప్పుడు కెమెరా పిల్లాడి ముఖాన్ని వదిలి కాగితం మీదికి తిరగాలి. పెన్సిలు ఎలా పట్టుకున్నాడు, ఎంత నొక్కుతున్నాడు, రబ్బరు ఎన్నిసార్లు వాడుతున్నాడు... అన్నీ తెలుస్తాయి. అలా చూడాలంటే బ్యాచ్‌కు ఆరేడుగురే ఉండాలి. పాతికమందిని పోగేస్తే అది మళ్లీ టీవీ పాఠమే!

రంగుల దగ్గర మరో చిక్కు. ఫోన్ కెమెరా వెలుతురును బట్టి రంగుల్ని తనకు తోచినట్టు సర్దేస్తుంది. పసుపు కొమ్ముల మధ్య పెరిగిన పిల్లాడు వేసిన అచ్చమైన పసుపు రంగు, మాస్టారి ఫోన్లో నారింజలా కనిపించొచ్చు. రంగు తప్పిందని మందలించే ముందు, కిటికీ దగ్గర పగటి వెలుతురులో, తెల్ల కాగితం అంచు కూడా పడేలా మళ్లీ ఫొటో తీయమనాలి. ఆ తెలుపు తెల్లగా కనిపిస్తే మిగతా రంగుల్నీ నమ్మొచ్చు.

దూరంతో లాభమూ ఉంది. దుబాయ్‌లో సాయంత్రం 6 అయితే ఇక్కడ 7.30. అక్కడి తెలుగు పిల్లలూ ఇదే బ్యాచ్‌లో కూర్చోవచ్చు. అయితే ఇంకా పెన్సిలు పట్టడమే రాని చిన్నపిల్లలకు ఎదురుగా కూర్చునే మాస్టారే కావాలి. పొద్దు వాలేకొద్దీ సిద్ధులగుట్ట రాళ్ల మీద నీడ ఎలా జరుగుతుందో తెలియాలంటే ఆ గుట్ట దగ్గరికే వెళ్లాలి. వీలైన ఆదివారం ఊళ్లోని పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లే మాస్టారికి ఆన్‌లైన్ క్లాసు అదనపు బలమే అవుతుంది.

ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు అడగాల్సింది ఒక్కటే. ‘సార్, మా పిల్లలు వేసిన బొమ్మను ఎప్పుడు దిద్ది పంపుతారు?’