జబ్బు లేని కుక్కనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి

ప్రతి జనవరిలో మన ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. ఆ సమయంలో సాగే ఎద్దుల సంతలో రైతు కాడెద్దులను పరీక్షించే తీరును మీరు చూసే ఉంటారు. నోరు తెరిపించి పళ్ళు లెక్కపెడతాడు, గిట్ట ఎత్తి చూస్తాడు, నాలుగడుగులు నడిపించి నడక గమనిస్తాడు. రోగిని పరీక్షించడం మాకు నేర్పిన వైద్య కళాశాల గురువులు చూసినా మెచ్చుకొనేంత శ్రద్ధ అది. గాలికుంటు టీకాలు వేసేవారు ఊరికి వస్తే అదే రైతు పనులు ఆపుకొని గేదెలను పట్టి నిలబెడతాడు. గొర్రెలకు నట్టల మందు ఎప్పుడు తాపాలో కాపరికి ఒకరు గుర్తుచేయనక్కరలేదు. అయితే అదే ఇంటి గడప ముందు పడుకొనే కుక్కను ఎప్పుడైనా పశువైద్యశాలకు తీసుకువెళ్ళావా అని అడగండి. నవ్వుతాడు. "కుక్కకేమైతాది సార్, బాగనే ఉంది కదా" అంటాడు.

ఆ 'బాగనే ఉంది' అన్న మాటే నన్ను ఈ వ్యాసం రాయడానికి పురికొల్పింది. నేను పశువైద్యుణ్ణి కాను. జీవితమంతా ప్రభుత్వ ఆసుపత్రుల్లో మనుషులకే వైద్యం చేశాను. అయినా, పశువైద్యశాలలో ఆగిపోవలసిన జబ్బులు దారి తప్పి నా బల్ల ముందుకు రావడం ఎన్నోసార్లు చూశాను. వాటిలో రెండింటి గురించి చెబుతాను.

నేను ఉద్యోగంలో ఉన్న కాలంలో ఒక సాయంత్రం తొమ్మిదేళ్ళ బాలుణ్ణి తీసుకువచ్చారు. గొంతు నొప్పి, రెండు దినాలుగా నీళ్ళు తాగడం లేదని తల్లి చెప్పింది. గ్లాసు నోటి దగ్గరకు తేగానే బిడ్డ మెడ కండరాలు బిగుసుకుపోయాయి. ఫ్యాను గాలి తగిలినా ఉలిక్కిపడుతున్నాడు. నాకు విషయం అర్థమైంది. పిచ్చికుక్క ఏదైనా కరిచిందా అని అడిగితే తల్లిదండ్రులిద్దరూ లేదన్నారు. మూలన నిలబడిన జేజి మాత్రం మెల్లగా చెప్పింది: "పిచ్చికుక్క కాదు సార్. మా ఇంట్ల కుక్కపిల్లే, ఆడుకుంటా చేతిమీద పన్ను గీసింది. రెండు నెలలాయె. అది నాలుగు దినాలకే సచ్చిపాయె." ఏదో తినరానిది తిని చచ్చిందనుకొని దాన్ని పూడ్చిపెట్టారు. బిడ్డ గీతకు పసుపు అద్దారు. ఆ బాలుణ్ణి కాపాడే ఉపాయం నా వద్ద లేదు. లక్షణాలు బయటపడిన రేబీసుకు నేటికీ లేదు.

ఆ కుక్కపిల్ల కూడా గీసిన రోజున 'బాగనే' ఉంది. రేబీస్ సోకిన కుక్క లాలాజలంలో, లక్షణాలు కనిపించడానికి కొద్ది రోజుల ముందు నుంచే వైరస్ ఉంటుంది. చొంగ కారుస్తూ, కనిపించినవారినల్లా కరిచే కుక్కను చూస్తే మనం ఎలాగూ దూరంగా పరుగెత్తుతాం. మన ఒడిలో పడుకొన్న పిల్లను చూసి ఎవరు పరుగెత్తుతారు?

నా తరం వారికి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు గుర్తుండే ఉంటాయి. డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలీలో రూపొందించిన టీకా అది. పశువుల మెదడు కణజాలంతో తయారయ్యేది. కొందరికి దానివల్లనే పక్షవాతం వంటి ఉపద్రవాలు వచ్చేవి. అయినా గత్యంతరం లేక అదే వేసేవాళ్ళం. 2005 ప్రాంతంలో మన దేశంలో దాని వాడకం ఆగిపోయింది. ఇప్పుడు జబ్బకు, చర్మానికి వేసే సురక్షితమైన టీకాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా లభిస్తున్నాయి. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. ఆలస్యం చేయకుండా మొదటి మోతాదు వేయించుకోవాలి. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఎక్కించాలి. కారం, సున్నం, ఆకు పసరు పూయవద్దని మూడు దశాబ్దాలు చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను.

ఇదంతా కాటు పడ్డ తరువాతి సంగతి. మనుషులకు వచ్చే రేబీసులో నూటికి తొంభైతొమ్మిది కుక్కల నుంచే వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో డెబ్బై శాతానికి ఏటా టీకా పడితే అక్కడ వ్యాధి గొలుసు తెగిపోతుంది. గోవాలో ఊరూరా తిరిగి కుక్కలకు టీకాలు వేశారు. కొద్ది సంవత్సరాల్లోనే మనుషుల్లో రేబీస్ మరణాలు దాదాపు లేకుండా పోయాయి. మన హైదరాబాదులో 1982లో జాతీయ పాడి అభివృద్ధి మండలి నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ కుక్కలకు వేసే రేబీస్ టీకానూ తయారుచేస్తుంది, మనుషులకు వేసేదాన్నీ తయారుచేస్తుంది. ఒకే సంస్థ సరుకు. కుక్కకు ఏడాదికొక సూది చాలు. అది వేయించనందుకు ఇంటిల్లిపాదీ ఆసుపత్రి వరుసలో నిలబడి తలా నాలుగు సార్లు వేయించుకొంటున్నాం.

రెండవ జబ్బు పేరు మీలో చాలామంది విని ఉండరు. మన పడమటి ప్రాంతం గొర్రెల సీమ. గొర్రెలున్న చోట కుక్కలుంటాయి, రెండూ ఉన్నచోట హైడాటిడ్ తిత్తి ఉంటుంది. కుక్క పేగుల్లో అర సెంటీమీటరు పొడవు కూడా సరిగా ఉండని బద్దెపురుగు ఒకటి నివసిస్తుంది. దానివల్ల కుక్కకు ఏ బాధా ఉండదు. పురుగు గుడ్లు మలంతో బయటికి వస్తాయి, గడ్డితోపాటు గొర్రె కడుపులోకి చేరతాయి, కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులుగా పెరుగుతాయి. గొర్రెను కోసినప్పుడు ఆ తిత్తులున్న కాలేయాన్ని పనికిరాదని కుక్కకు విసిరేస్తారు. చక్రం పూర్తవుతుంది. కుక్క బొచ్చుకు అంటిన గుడ్లు మన చేతికి, చేతినుంచి ముద్దలోకి చేరితే గొర్రెకు జరిగినదే మనకూ జరుగుతుంది. తిత్తి ఏళ్ళ తరబడి నిశ్శబ్దంగా పెరుగుతుంది. లోపల పగిలితే ప్రాణం మీదికి రావచ్చు.

గొర్రెల కాపరుల ఇంటి ఆడమనిషి ఒకామె కుడివైపు డొక్క బరువని వచ్చింది. పరీక్షల్లో కాలేయంలో పెద్ద తిత్తి కనిపించింది. శస్త్రచికిత్సకు పెద్దాసుపత్రికి పంపాను. కోలుకొని వచ్చి నమస్కారం పెట్టింది, నేనూ సంతోషించాను. కొన్నేళ్ళకు అదే ఇంటి కుర్రవాడు ఊపిరితిత్తిలో తిత్తితో వచ్చాడు. అప్పుడు తట్టింది నాకు: ఆ ఇంట్లో కుక్క ఉందా, దానికి నట్టల మందు వేయించారా, కోసిన గొర్రె లోపలి భాగాలు దానికి వేస్తున్నారా అని నేను ఒక్కసారైనా అడగలేదు. మందుల చీటీ మీద ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. ఆ లోపం పూర్తిగా నాది. ఇప్పుడు పనిచేస్తున్న యువ వైద్యులు ఈ మాట చదివితే, హైడాటిడ్ రోగి ఇంటికి పంపే చీటీ మీద కుక్క గురించి కూడా రాయండి.

ఐస్‌లాండ్‌లో ఒకప్పుడు ఈ జబ్బు మనకన్నా ఎక్కువ. 1863లో డెన్మార్క్ నుంచి హరాల్డ్ క్రాబే అనే వైద్యుడు అక్కడికి వెళ్ళి కుక్కలను పరీక్షిస్తే, నాలుగోవంతుకు పైగా కుక్కల్లో ఈ పురుగు కనిపించింది. ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని మరుసటి ఏడాది ఇంటింటికీ పంచారు. జబ్బు గొర్రె అవయవాలను కుక్కకు వేయకండి, పూడ్చండి లేదా కాల్చండి. కుక్కకు పురుగుల మందు వేయండి - ఇంతే అందులోని సారం. తరువాత చట్టాలూ వచ్చాయి. నేడు ఆ దేశంలో ఆ జబ్బు లేదు. మనకు ప్రతి ఆదివారం మాంసం దుకాణాల ముందు వరుసగా కూర్చున్న కుక్కలున్నాయి.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. మందుల దుకాణంలో ఏదో ఒక నట్టల మందు అడిగి వేస్తే సరిపోదు. ఏలికపాములను చంపే మందులన్నీ బద్దెపురుగును చంపవు. దానికి ప్రాజిక్వాంటెల్ ఉండాలి, మోతాదు కుక్క బరువును బట్టి మారుతుంది. అది పశువైద్యుడు నిర్ణయించవలసిన విషయం. రిటైరైన తరువాత కూడా వీధిలో నన్ను ఆపి "సార్, పిల్లికి జ్వరమొచ్చింది, సగం పారాసిటమాల్ వేయమంటారా?" అని అడిగేవారున్నారు. వేయవద్దు. మనకు జ్వరం తగ్గించే ఆ మాత్ర పిల్లికి విషం.

ఇక తేదీల విషయం. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే బాలునికి తొలిసారి రేబీస్ టీకా వేయించాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జూలై 6న మన రాష్ట్ర పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. మంచి పని, అందరూ వినియోగించుకోవాలి. కాని మన పడమటి మండలాలకు ఆ ఒక్క రోజు చాలదని నా అభిప్రాయం. మన కుక్కలు ఎక్కువగా చలికాలంలో ఈనుతాయి. ఆ పిల్లలకు మూడు నెలలు నిండి టీకా వేయవలసిన సమయం ఫిబ్రవరి, మార్చి. జూలై దాకా ఆగితే, బిడ్డలు వాటితో అత్యధికంగా ఆడుకొనే నెలలన్నీ టీకా లేకుండానే గడిచిపోతాయి. ఆ నెలల్లోనే పెద్దలు ఊళ్ళో ఉండరు. ఆదోని, కోసిగి, పెద్దకడబూరు వైపు ఎన్నో కుటుంబాలు పండుగలు దాటగానే మిరప కోతలకు, పత్తి తీయడానికి గుంటూరు వైపు సుగ్గికి వెళతాయి. ఇంట్లో మిగిలేది అవ్వాతాతలు, బడికి పోయే పిల్లలు, ఒక కుక్క. గొలుసు పట్టి దాన్ని వైద్యశాలదాకా నడిపించే మనిషి ఉగాదికి గాని తిరిగిరాడు. కనుక సుగ్గికి కదలకముందే, సెప్టెంబరు 28న వచ్చే ప్రపంచ రేబీస్ దినోత్సవం నాటికి ఒక శిబిరం, ఫిబ్రవరి చివర కుక్కపిల్లల కోసం ఊళ్ళోనే మరొకటి జరగాలి. గ్రామాల్లో పశుసంవర్ధక సహాయకులు ఉన్నారు. సర్పంచులు, బడి ఉపాధ్యాయులు అడిగితే ఇది అసాధ్యమేమీ కాదు.

మీ వంతుగా, కుక్కపిల్ల ఇంటికి వచ్చిన వారంలోనే పశువైద్యునికి చూపండి. డిస్టెంపర్, పార్వో వంటి వాటికి ఆరేడు వారాల వయసు నుంచే టీకాలుంటాయి, మూడు నెలలకు రేబీస్, ఆపైన ఏటా మరొకటి. నట్టల మందు పిల్లప్రాయంలో తరచుగా, పెద్దయ్యాక మూడు నెలలకొకసారి. పిల్లికీ రేబీస్ టీకా కావాలి. వైద్యశాలలో ఇచ్చే కార్డును బిడ్డల టీకా కార్డులు పెట్టిన సంచిలోనే పెట్టండి. సుగ్గికి వెళ్ళేవారు దాన్ని ఇంట్లో ఉండే పెద్దవారి చేతికిచ్చి, తరువాతి తేదీ ఏదో నోటితో చెప్పి మరీ వెళ్ళండి. జేజికి చదువు రాకపోయినా తేదీలు గుర్తుంటాయి.