ముందుగాల ఒక మెత్త కొనుక్కో

మా అక్క ఈ ఆగస్టులో ఎంఎస్ చేయడానికి అమెరికా వెళ్తోంది. రెండు నెలలుగా వికారాబాద్‌లో మా ఇంట్లో ఒకటే హడావుడి. కుక్కర్ ఏ సూట్‌కేసులో పెట్టాలి, తాండూరు కందిపప్పు ఎన్ని కిలోలు పట్టుకెళ్లాలి, లోన్ డబ్బులు ఎప్పుడు పడతాయి... పోయిన ఆదివారం తాండూరు నుంచి మా చిన్నాయన వచ్చాడు. అందరూ అక్కకి సలహాల మీద సలహాలిస్తుంటే ఆయన ఒక్కటే మాట అన్నాడు.

"బిడ్డా, ఆడికి పొయినంక ముందుగాల ఒక మెత్త కొనుక్కో."

మెత్త అంటే దిండు. మేమందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

చిన్నాయన 2011 నుంచి 2019 దాకా దుబాయ్‌లో పనిచేశాడు. తాండూరులో నాపరాళ్లు పరిచే మేస్త్రీ, అక్కడ మార్బుల్, టైల్స్ పని. వెళ్లేటప్పుడు "రెండేళ్లే కదా" అనుకున్నాడట. రెండేళ్ల కోసం దిండు ఎందుకని తువ్వాల మడిచి తల కింద పెట్టుకున్నాడు. ఖుబూస్, మామిడికాయ తొక్కుతో రోజులు నెట్టాడు. రూమ్‌లో ఉన్న ఎనిమిది మందిలో ఎవరిది ఏ ఊరో కూడా అడగలేదు. ఎనిమిదో నెలలో మెడ పట్టేసి పదిహేను రోజులు పనికి పోలేదు. కట్ అయిన జీతంతో ఒక దిండు కాదు, రూమ్ మొత్తానికీ పరుపులే వచ్చేవి. అప్పుడు పక్క మంచం మీది జగిత్యాల పెద్దాయన తిట్టి, బజారుకి తీసుకెళ్లి దిండు కొనిపించాడు. ఆ రెండేళ్లు చివరికి ఎనిమిదేళ్లు అయ్యాయి.

నా పాయింట్ ఇదే. వీసా టెంపరరీ కావచ్చు, కానీ అక్కడ గడిచే రోజులు టెంపరరీ కాదు. అవి మన వయసులోంచే పోతాయి.

మనలో చాలామంది రేపు వెళ్లేవాళ్లమే, లెక్క చూద్దాం. ఎంఎస్ దాదాపు రెండేళ్లు. తర్వాత ఓపీటీ 12 నెలలు. మన సీఎస్ లాంటి స్టెమ్ కోర్సులైతే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. మొత్తం ఐదేళ్లు, అంటే ఇరవైల్లో సగం. "సెటిల్ అయ్యాక బతుకుదాం" అని ఆ సగాన్ని వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నట్టు గడిపేస్తే ఎవరు తిరిగిస్తారు?

లోన్ నెత్తి మీద ఉంటే ఇవన్నీ లగ్జరీ కాదా అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను కూడా ఫస్ట్ సెమ్‌లోనే ఈఎంఐ మీద కారు కొనమనట్లేదు. కుదురుకోవడం అంటే ఖర్చు పెట్టడం కాదు. చిన్నాయనకి కుదురుకోవడం అంటే దిండు, వారానికోసారి వంతులేసుకుని వండుకున్న పప్పన్నం, ఇంకా మాటలు. తాండూరులో పెరిగాడు కాబట్టి ఉర్దూ ముందే వచ్చు. ఆ ఉర్దూతోనే పాకిస్తానీ ఫోర్‌మన్‌తో దోస్తీ కుదిరింది, మంచి పని దొరికింది. మనం ఊళ్లో సిగ్గుపడే భాష అక్కడ ఆయనకి అన్నం పెట్టింది.

రెండో సంగతి కాగితాలు. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం క్లియరెన్స్ తీసుకోవాలి. రిజిస్టర్డ్ ఏజెంటు ఇప్పుడు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. చిన్నాయనకి ఇవేవీ తెలియవు. ఏజెంటు అడిగినంత ఇచ్చాడు, రసీదు కూడా లేదు. ఎండాకాలంలో అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు బయట ఎండలో పని చేయించకూడదనే రూల్ ఉందని కూడా తోటివాళ్లు చెప్తేనే తెలిసింది.

మనం చదువుకున్నవాళ్లం, మనకేం అనుకోకండి. చదువుకునేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చని, ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదని మా అక్కకి మొన్నటిదాకా తెలియదు. అమెరికా చదువుల సెమినార్‌కి వచ్చినవాళ్లు ర్యాంకులు చెప్పారు, లోన్ చెప్పారు, వీసా ఇంటర్వ్యూ చెప్పారు. అక్కడ ఎలా బతకాలో ఒక్క స్లైడ్ లేదు.

ఇక మూడోది ఫోన్. చిన్నాయన ఎనిమిదేళ్లూ "మంచిగున్న" అనే చెప్పాడు. మెడ పట్టేసిన సంగతి మాకు పోయిన ఆదివారమే తెలిసింది! తప్పు ఆయనది మాత్రమే కాదు. మేము ఫోన్ చేసి అడిగింది "పైసలు ఎప్పుడు పంపుతవ్" అనే. బయట ఉన్నవాళ్లు అక్కడ కుదురుకోవాలంటే ఇంట్లో ఉన్నవాళ్లు కూడా నిజం వినడానికి రెడీగా ఉండాలి.

ఒక విషయం ఒప్పుకుంటాను. అక్క అడ్మిట్ వచ్చిన రోజు నేను స్టేటస్ పెట్టాను. చిన్నాయన దుబాయ్‌లో పనిచేశాడని మాత్రం క్లాసులో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మీకు తెలుసు, నాకూ తెలుసు. కానీ ఇద్దరివీ గడువున్న వీసాలే. ఇద్దరూ అప్పు చేసి వెళ్లినవాళ్లే. "రెండేళ్లే కదా" అనే మాట కూడా ఇద్దరిదీ ఒక్కటే.

అందుకే మన క్లబ్‌కి నా సూచన. ఈసారి అబ్రాడ్ సెషన్ పెడితే ఎంఎస్ సీనియర్లతో పాటు ఒక గల్ఫ్ కార్మికుడిని కూడా పిలుద్దాం. పరాయి చోట కుదురుకోవడం గురించి వాళ్లకి తెలిసినంత ఏ కన్సల్టెన్సీకీ తెలియదు. మొదటి స్పీకర్‌గా మా చిన్నాయనని నేను తీసుకొస్తాను. స్టేజీ ఎక్కనంటాడు, ఒప్పించే పూచీ నాది.

అక్క ఫోన్‌లో షాపింగ్ లిస్ట్ చూశాను. "అక్కడికి వెళ్లాక" అని ఉన్నచోట మొదటి లైన్: మెత్త.